వెనక సీట్లోంచి చెప్పిన మాట

...చెప్పడానికి ఈ ట్రాఫిక్కే దొరికిందా దీనికి, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ముందొక బస్సు, వెనకొక బస్సు, మధ్యలో బండి మీద మార్క్, వెనక సీట్లో బాడ్మింటన్ రాకెట్ల సంచీతో చెల్లెలు ఫేబీ, అన్నా, ఇగ నేను ఆడను, కోచ్‌కు సుత చెప్పిన, అని ఇంత తాపీగా, టీ వద్దన్నంత తాపీగా, హెల్మెట్లోంచి చెమట కళ్లలోకి కారుతోంది, ఆడదట, ఎనిమిదేళ్లు తెల్లవారకముందే లేచి బాడ్మింటన్ అకాడమీకి దించిందెవరు, పుణెలో ఉద్యోగమొస్తే చెల్లిని ఎవరు తీసుకెళ్తారని వదులుకున్నదెవరు, చర్చి క్వయర్లో యూనిస్ పక్కన నిలబడి పాడాల్సిన ఆదివారాలన్నీ వరంగల్లోనో నిజామాబాద్‌లోనో టోర్నమెంటు బెంచీల మీద పోయాయి, తీరా ఒక ఆదివారం వెళ్తే యూనిస్ వేలికి నిశ్చితార్థం ఉంగరం, ఈ హారనొకటి, ఆగవయ్యా, ఎగిరిపోవాలా నేను, పోనీ మోకాలు నొప్పా అంటే కాదన్నా, మంచిగనే ఉంది, కోచ్ ఏమన్న అన్నడా, ఏమనలే, మరి ఏంది నీ బాధ, బాధేం లేదు, నాకెప్పుడూ గంత ఇష్టం లేకుండె, జర మైత్రీవనం కాడ ఆపు, యానిమేషన్ క్లాసులున్నయట, అడిగొస్త, ఇష్టం లేకుండెనట, ఇన్నేండ్లు నోట్లో ఏం పెట్టుకున్నవే, అని అరిచాడు, పక్క ఆటోలో ఎవరో తిరిగి చూశారు, ఫేబీ గొంతు మాత్రం పెరగలేదు, నేను బస్సుల పోత అంటే వద్దంటివి, రెండేండ్ల కిందనే మానేస్త అంటే వారం దాకా మాట్లాడకపోతివి, నీకు చెప్పాలంటేనే భయమయితుండె అన్నా.

అమీర్‌పేట్‌లో మైత్రీవనం దగ్గర దిగి, సంచీ అతని ఒళ్లో పడేసి, కోచింగ్ బోర్డుల మధ్య మెట్లెక్కి పోయింది, రెండేసి మెట్లు, సెమీస్ గెలిచిన రోజు కూడా ఇంత హుషారుగా నడవలేదు, ఆ రోజు నీళ్లు తాగి ఊరికే కూర్చుంది, గ్యాలరీలో ఎగిరింది మార్కే, గొంతు పోయేలా అరిచింది తను, ఇంటికొచ్చి ఆ చివరి డ్రాప్ షాట్ అమ్మకు అన్నం పళ్లెంతో ఆడి చూపించిందీ తనే, చాల్లేరా, పళ్లెం ఇటియ్యి అంది అమ్మ, యూనిస్ ముఖం ఎంత తలుచుకున్నా సరిగా గుర్తు రావడం లేదు, ఆ షాట్ మాత్రం, నెట్ అంచు తాకీ తాకకుండా జారి అవతల పడ్డ ఆ కాక్, కళ్ల ముందే ఉంది, ఎవరి మీద అరవాలో తెలియక మార్క్ బండి మీదే కూర్చుండిపోయాడు, ఇంట్లో ఇన్నాళ్లూ ఆ ఆటను ప్రేమించింది తనొక్కడే.