మొద్దు మిగిలితే

నేను ఒక గొడ్డలిని. పాత జీపు కమాను పట్టీని ఎర్రగా కాల్చి ఊరి కమ్మరి నన్ను సాగగొట్టాడు. గొర్రెల కాపరి గిడ్డయ్య నన్ను భుజాన వేసుకుని తీసుకుపోయాడు. అప్పట్లో కర్నూలు పడమటి బీళ్లలో నడుము దాకా గడ్డి ఉండేది. ఆ గడ్డిలో బట్టమేక పిట్ట మెడ నిక్కించి తిరిగేది. దొడ్డికి రేగు కంప కొట్టుకోవడం తప్ప గిడ్డయ్యకు నాతో పెద్దగా పని లేదు.

ఆ బీళ్లకు సర్కారు తుమ్మను తెచ్చింది మనుషులే. పొయ్యిలోకి కట్టెల కరువు తీరుతుందని సంబరపడి నాటారు. దాని కాయలు తీపి. గొర్రెలు ఆబగా తిని, పోయిన చోటల్లా పెంటికలతో పాటు విత్తనాలు రాల్చాయి. గిడ్డయ్య మంద వెనకాలే ముళ్లడవి నడిచివచ్చింది. కొన్నేళ్లకు దాని కింద గడ్డి చచ్చింది. బట్టమేక కనబడకుండా పోయింది. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి.

అప్పుడు నాకు చేతినిండా పని దొరికింది. కొట్టిన చెట్టల్లా కూలుతుంటే నా అంతటిది లేదనుకున్నాను. వానలు పడ్డాయో లేదో, ప్రతి మొద్దు చుట్టూ గుబురుగా పిలకలు లేచాయి.

"పైన కొడితే దానికి క్షవరం చేసినట్టే. తవ్వి వేరు మొదలు తీయాల," అన్నాడు అటవీ శాఖ గార్డు.

గిడ్డయ్య ఒక నేల చెక్క ఎంచుకుని గడ్డపారతో తవ్వుతూ, మట్టిలో చేయి పెట్టి వెతికి, వేర్లను నాతో నరికాడు. రాళ్లకు తగిలి నా అంచు పళ్లు పళ్లుగా లేచింది. మూడో వేసవికి ఆ నేల చెక్క బోడిగా తేలింది. గిడ్డయ్య దాని పక్కన తవ్వడం మొదలుపెట్టాడు.

ఆయన బామ్మర్ది ఉరుకుందు తుమ్మ కట్టెతో బొగ్గులు కాల్చి బతికేవాడు. ఒకరోజు వచ్చి గుంత ఒడ్డున నిలబడ్డాడు.

"మొద్దులు పీకొద్దు బావా. మొద్దుంటే మళ్లా కట్టె వస్తాది. అది లేకుంటే మా పొయ్యి వెలగదు."

"మరి నా గొర్రెలు యాడ మేయాల?"

ఇద్దరి మాటా నిజమే. ఉరుకుందు తన బొగ్గుల బట్టీ వైపు వెళ్లిపోయాడు.

ఆ ఎండల్లోనే ముల్లొకటి చెప్పును చీల్చుకుని గిడ్డయ్య అరికాల్లో దిగి లోపలే విరిగింది. ఆయన పసుపు అద్దుకుని మళ్లీ గుంతలోకి దిగాడు. కాలు నల్లబడ్డాక, ఉరుకుందే వీపున మోసుకుని రోడ్డు దాకా తెచ్చి ఆసుపత్రి బండెక్కించాడు. అక్కడ మోకాలి కింద కాలు తీసేశారు. మంద సంతకు పోయింది.

"ఇంక ఇది నాకెందుకు, నువ్వే ఉంచుకో," అని గిడ్డయ్య నన్ను ఉరుకుందు చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నేను పిలకలు కొడుతున్నాను. కొట్టినవి బట్టీలో పడతాయి, మొద్దు మళ్లీ చిగురిస్తుంది. నాకు పనికి కొదవ లేదు.

మొన్న వానల తర్వాత ఉరుకుందు నన్ను పట్టుకుని గిడ్డయ్య బోడి చేసిన ఆ నేల చెక్క పక్కగా పోతూ ఆగాడు. గడ్డి వచ్చింది. గడ్డిలో ఊతకర్ర పక్కన పెట్టుకుని గిడ్డయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరివో గొర్రెలు అటుగా మేసి పోయాయట. ఎక్కడ చూసినా తుమ్మ మొలకలే, గిడ్డయ్య ఒక్కొక్కటే పీకుతున్నాడు.

"ఎన్నని పీకుతావు బావా?"

 గిడ్డయ్య పక్కకు జరిగి ఇంకొకటి పీకాడు.

ఉరుకుందు నన్ను కింద పెట్టి, గొంతుక్కూర్చుని, తన కాళ్ల దగ్గరి మొలకలు నాలుగు పీకాడు. అంతలో బట్టీ వైపు పొగ చిక్కబడింది. లేచి నన్ను భుజాన వేసుకున్నాడు.

నేను పైన నరికినవన్నీ మళ్లీ లేస్తాయి. గిడ్డయ్య వేర్లతో సహా పీకినవి లేవవు. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు లేదు.