తెర మీదికి రాని మాట

నా భార్య శంకరవ్వ ఏరితెచ్చిన కోడలు బాలలక్ష్మి. కంప్యూటర్ చదివిన పిల్ల మన ఇంటికెందుకన్నాను. శంకరవ్వ వినలేదు. ఇప్పుడు తను లేదు. కొడుకు దుబాయిలో ఉన్నాడు. నేనూ ఈ పిల్లా మిగిలాం.

లక్సెట్టిపేట పత్తి మిల్లుకు బాలలక్ష్మి సీ అనే కంప్యూటర్ భాషలో లెక్కల ప్రోగ్రామ్ రాసింది. సాయంత్రం మీట నొక్కితే ఆ రోజు ఊరూరి నుంచి తూచిన పత్తి మొత్తం ఎంతో తెర మీద పడాలి. ఎంతసేపైనా తెర నల్లగానే ఉంటోంది. మిషన్ ఆగిపోయిందని గుమాస్తా హనుమండ్లు ప్లగ్గు పీకేస్తున్నాడు. ఇవాళ కూడా రాకపోతే పని మానుకొమ్మన్నాడు మిల్లు యజమాని ప్రేమ్‌సాగర్‌రావు దొర.

"మామా, జర వచ్చి ప్లగ్గు కాడ కూసో. ఎవ్వల్ని ముట్టనియ్యకు."

వెళ్లి కూర్చున్నాను. మీట నొక్కింది. నల్లతెర.

"రాజమన్నా, నీ కోడలు సినిమా ఏసింది గని బొమ్మ పడ్తలేదు," అన్నాడు హనుమండ్లు.

దొర నవ్వాడు. నాకే ఆ ప్లగ్గు పీకెయ్యాలనిపించింది. బాలలక్ష్మి తెర మీంచి కళ్లు తియ్యలేదు.

ఒక్కసారిగా, ఒకే వరసలో అంతా పడింది. మొదట ఆగమని చెప్పే 'వెయిట్' అన్న ఇంగ్లీషు మాట, లెక్క తేలిన ఊరికొక చుక్క, చివర పత్తి మొత్తం.

"దొరికింది మామా! లెక్కకు ముందే వెయిట్ అనమన్న. అన్నది. గని గీ యూనిక్స్ మిషన్ వరస ముగిసేదాక మాటను లోపల్నే పట్టుకుంటది. కరీంనగర్‌ల నేను నేర్చిన మిషన్ల ఎప్పటిదప్పుడే పడేది. గందుకే తెల్వలే."

"నిండేదాక స్టాండుల ఆపుకునే జీపు లెక్కనా?"

"గంతే. నిండకున్నా పొమ్మని నేను చెప్పాలె."

ఆ హుకుం పేరు ఎఫ్‌ఫ్లష్ అట. వెయిట్ వెనక ఒకటి, చుక్క వెనక ఒకటి రాసి మళ్లీ నడిపింది. వెయిట్ వెంటనే పడింది. కాసేపటికి ఒక చుక్క. ఇంకో చుక్క. దొర కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"చూసిండ్రా దొరా, నా తప్పేం లేదు," అన్నాడు హనుమండ్లు.

"లేదన్నా. ఉలుకు పలుకు లేని మిషన్‌ను ఎవలైనా బంద్ జేస్తరు," అంది బాలలక్ష్మి.

నేనైతే తప్పు లేదని అననిస్తానా? వాడి మూలంగా ఈ పిల్ల అన్నం ముట్టలేదు. వాణ్ని నేను క్షమించను.

"రేపట్నుంచి మిల్లు లెక్కలన్నీ నీయే బిడ్డా," అన్నాడు దొర.

బాలలక్ష్మి లేచి హనుమండ్లును తన కుర్చీలో కూర్చోబెట్టింది. మీట వాడి చేతనే నొక్కించింది. వెయిట్ పడగానే వాడు చేతులు కట్టుకున్నాడు. ఏ చుక్క ఏ ఊరిదో తను ఒక్కొక్కటే చెప్తోంది. వాడు తలూపుతున్నాడు.