మేక తినని మొగ్గలు

అరవై తొమ్మిదిలో పట్నంలో గొడవలు మొదలై మా టీచర్ ట్రైనింగ్ హాస్టల్ మూసేశారు. రేకు పెట్టెతో ఎంకపల్లికి వచ్చిన నన్ను మా బాపు గిద్యోను గడప దాటనివ్వలేదు. "గొడవలు సల్లవడేదాంక ఇంట్లనే ఉండు ప్రమీలా" అన్నాడు. గొడవలు పట్నంలో, జైలు నాకు! ఇంటికీ దొడ్డికీ మధ్య కుక్కిన పేనులా పడి ఉన్నాను.

దొడ్లో ఒక డిసెంబర్ పూల పొద ఉండేది. మోకాలెత్తు దాటని మొక్క. గట్ల మీద దానంతటది పెరిగేదాన్ని మా అవ్వ, అంటే బాపు తల్లి సాలమ్మ, ఏనాడో తవ్వి తెచ్చి నాటింది. అవ్వ కళ్లకు పొర కమ్మాక ఆ చాకిరీ నాకు పడింది. తొలకరికి ముదురు కొమ్మలు కత్తిరించాను. పొయ్యి బూడిద వేశాను, బియ్యం కడిగిన నీళ్లు పోశాను. కొత్త చిగుళ్లతో గుబురుగా లేచింది. ఆ పొదకూ నాకూ మంచి స్నేహం కుదిరింది, బాపు మొయినాబాద్ సంబంధం తెచ్చేవరకు.

పిల్లవాడి పేరు ప్రేమదాసు. అతన్ని నేనేమీ అనను, చూడనైనా లేదు. అతని తల్లి మాత్రం వచ్చి, "సదివింది సాలు. పంతులమ్మ కోడలు మాకొద్దు" అని తేల్చేసింది. బాపు తలూపాడు. "కాలేజీ తెరుస్తరో లేదో ఎవరికెరుక? పువ్వు పూయంగనే పెండ్లి" అన్నాడు.

పువ్వు ఎందుకంటే, అది అవ్వ మొక్కుబడి. పుట్టిన బిడ్డలందరూ పోయి బాపు ఒక్కడే బతికినప్పుడు, ఈ ఇంటి ఆడపిల్ల ఈ పొద పూల కిరీటంతోనే చర్చికి పెళ్లికూతురై వెళ్లాలని దేవునికి మొక్కుకుందట. అది తప్పితే తన ప్రాణానికే ముప్పని బాపు భయం. ప్రేమదాసు తల్లి ఒప్పుకుంది గానీ, "ఈ యేడు కాకుంటే మేం వేరే పిల్లను సూసుకుంటం" అని ఒక మెలిక పెట్టి వెళ్లింది.

వానలు వెనకబట్టాక ఆకు సందుల్లో మొగ్గలు కనిపించాయి. నేను పోసిన నీళ్లే నన్ను మొయినాబాద్ పంపిస్తున్నాయి! కలుపు తీస్తున్నట్టు కూర్చుని అన్నీ గిల్లేశాను. మళ్లీ వచ్చాయి. మళ్లీ గిల్లాను.

బాపు పక్కింటి మల్లప్ప మేక మీద పడ్డాడు. "నా బిడ్డ పెండ్లి చెడగొట్టనీకే సాకుతున్నవా దీన్ని?" అని మల్లప్పను కడిగేసి, దొడ్డి చుట్టూ ముళ్లకంప నాటాడు. మేకకు సంబంధం చెడగొట్టే తెలివే ఉంటే నేనే దాని కాళ్లు మొక్కేదాన్ని. ఆ కంపతో నాకు మిగిలిన దొడ్డిదారి కూడా మూసుకుపోయింది.

ఒక పొద్దున నేను గిల్లుతుండగా అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి పక్కన చతికిలబడింది. కొమ్మ కొమ్మా వేళ్లతో తడిమింది. గిల్లిన మొగ్గలు నా పిడికిట్లోనే ఉన్నాయి.

"మేకైతే ఆకు గూడ తింటది బిడ్డా. ఇది ఒట్టి మొగ్గలే తిన్నది" అంది.

నాకు ఏడుపొచ్చేసింది. "నీ మొక్కుబడి చెడగొట్టిన అవ్వా. నాకు పెండ్లొద్దు. సదువుకుంట."

"నాకు గూడ వద్దనే ఉండె. నన్నెవరడిగిన్రు? ఏడ్సుకుంటనే వచ్చిన ఈ ఇంటికి" అని, అవ్వ గొంతు తగ్గించింది. "దేవునికి నేనేం మొక్కలే. మీ తాత నా మాట ఇనకపోతుండె, దేవుని మాటంటే ఇంటుండె. ఈ ఇంట్ల పుట్టే ఆడపిల్ల చేతిల ఏదన్న ఒకటి ఉండాలని అప్పుడు గట్ల చెప్పిన."

నేను పిడికిలి విప్పి మొగ్గలు కొంగులో వేసుకున్నాను.

"గిల్లుడు గూడ సక్కగ రాదు నీకు. కింది కొమ్మలు ఇడిసిపెట్టినవ్" అంటూ వంగింది.

కంప అవతలి నుంచి బాపు కేకేశాడు. "అవ్వా, ఏం జేస్తున్నరు ఆడ?"

"పొదను సూస్కుంటున్నం కొడుకా" అంది అవ్వ, పిడికెడు మొగ్గలు నా కొంగులో పోస్తూ.