పాచిరంగు ఊలు

పెద్దమ్మ గది తలుపు తీయగానే ముందు కలరా ఉండల కంపు కొట్టింది. దాని వెనకే ఇంకొకటి, తడిసిన కుక్క ఎండుతున్నప్పటి వాసన. రుమాలు తీసి ముక్కుకి అడ్డంగా కట్టుకున్నాను.

ఈవిడ మా అమ్మకి అక్క. చుట్టాలందరూ చాటుగా ‘ఊలు గోడౌన్’ అంటారు. అల్లికలు అల్లే మనిషి ఎవరు పోయినా సరే, పరామర్శకి ఖాళీ సంచితో వెళ్ళి నిండు సంచితో తిరిగొస్తుంది. పీనుగు మీద పేలాలు ఏరుకోవడం అంటే ఏమిటో నాకు ఈవిడని చూశాకే అర్థమైంది. అమ్మ పోయిన మర్నాడు మేము ఏడుస్తుంటే ఈవిడ అలమరా ఖాళీ చేసింది. అమ్మ నాకోసం అల్లుతూ వదిలేసిన స్వెట్టర్ అందులోనే ఉంది. వీపు, ముందు భాగం, ఒక చెయ్యి అయిపోయాయి. రెండో చెయ్యి నేనే అల్లాలని పోయినేడాది పట్టుబట్టి అల్లిక నేర్చుకున్నాను. అడిగినప్పుడల్లా పెద్దమ్మ “ఎక్కడికి పోతుందే, నా దగ్గర భద్రంగా ఉంది” అనేది.

నిన్న పెద్దమ్మ కోడలు, మా వదిన, ఫోన్ చేసింది. “ఆ గదంతా పురుగు పట్టింది. నా కోటు జేబులోకి కూడా వచ్చేసింది. రేపు సాయంత్రం అంతా చెత్త బండిలో వేసేస్తాను. మీ అమ్మది కావాలంటే ఈలోగా వచ్చి ఏరుకో” అంది. అందుకే వచ్చాను. లేకపోతే ఈ గదిలో డబ్బిచ్చినా అడుగు పెట్టను.

పెద్దమ్మ కుర్చీలో కూర్చుని కాళ్ళు పీట మీద చాపుకుంది. కాళ్ళకి మురికితో ఏ రంగో తెలియని మేజోళ్ళు. ఒకదాంట్లోంచి బొటనవేలు బయటికొచ్చి నన్నే చూస్తోంది.

“ఆ గుడ్డెందుకే మొహానికి? నేనేమన్నా కుళ్ళిపోయానా?”

“ఇంకా లేదు.”

“నోరు మాత్రం అచ్చం మీ అమ్మదే. సరే, ముందు అసలు ఊలు ఒకవైపు, ప్లాస్టిక్‌ది ఒకవైపు వెయ్యి. పురుగు ప్లాస్టిక్ జోలికి పోదు. దానికీ రుచి తెలుసు.”

అగ్గిపుల్ల గీసి ఒక్కో ఉండ కొస కాల్చి చూడసాగాను. ప్లాస్టిక్‌దైతే కరిగి చివర నల్లటి పూస కడుతుంది. అసలు ఊలైతే జుట్టు కాలిన వాసన వేస్తుంది. కాసేపటికి గదిలో మంగలి షాపు తగలబడినంత కంపు.

మంచం కింద సంచులు లాగితే చేతులకి జిడ్డు అంటుకుంది. ఒక దిండు గలీబు నిండా కత్తిరించిన ఊలు ముక్కలు, వాటిలో తెల్ల వెంట్రుకలు, గోళ్ళ ముక్కలు, సగం చప్పరించి దాచిన బిళ్ళ. ఒక తెల్ల ఉండ పట్టుకుంటే వేళ్ళ మధ్య పొడిగా రాలిపోయింది. లోపల బియ్యపు గింజల్లాంటి పురుగులు తీరిగ్గా కదులుతున్నాయి. ఉండని విసిరేశాను.

“అయ్యయ్యో, అది ఎంత మెత్తటి ఊలో! సంచిలో మూటగట్టి ఫ్రిజ్‌లో పెట్టు. చలికి చస్తాయి.”

“కూరగాయల పక్కనా?”

“అవి కూరగాయలు తినవులే.”

ఇంత ఊలు పోగేసుకుని ఎవరికీ ఒక టోపీ అల్లిపెట్టిన పాపాన పోలేదు. తను తినదు, ఇంకొకరిని తిననివ్వదు. నిజం చెప్పాలంటే ఆ పురుగుల కన్నా నాకు ఈవిడంటేనే ఎక్కువ రోత పుట్టింది.

అటక మీద చివరి సంచి అమ్మది. తెగిన పిడికి అమ్మ ఎర్ర దారంతో వేసిన కుట్లు ఇంకా ఉన్నాయి. గబగబా నేల మీద బోర్లించాను. తుప్పు పట్టిన సూదులు పడ్డాయి. వాటి వెంట పాచిరంగు పొడి, కొరికేసిన పోగులు, నిమ్మకాయంత ఉండ ఒకటి. స్వెట్టర్ లేదు.

ఆ ఉండ పోగు లాగి చూశాను. కొన్న ఊలు తిన్నగా ఉంటుంది. అల్లి విప్పిన ఊలు జడ విప్పిన జుట్టులా వంకీలు తిరిగి ఉంటుంది. ఇది వంకీలు తిరిగి ఉంది. అల్లిక నేర్చుకోకపోయినా బాగుండేదనిపించింది.

“స్వెట్టర్ ఏది పెద్దమ్మా?”

“విప్పేశాను. సగం పని సూదుల మీద ఉంచకూడదే, సూదులు వంగిపోతాయి. నేను ఎవరిదీ ఉంచను.”

“మరి ఆ ఊలంతా ఏమైంది?”

పెద్దమ్మ పొద్దుట్నుంచీ కదలని కాళ్ళు పీట మీంచి తీసి కుర్చీ కిందికి లాక్కుంది.

నేను వంగి మేజోడు అంచు మడిచాను. మురికి అంటని లోపలి వైపు పాచిరంగు.

అరికాలి మంట నెత్తికెక్కింది. “అమ్మ నాకోసం అల్లినదాన్ని నువ్వు కాళ్ళకి తొడుక్కున్నావా?”

“కాళ్ళు మంచుగడ్డలైపోతున్నాయే. మిగతావన్నీ గుచ్చుకుంటాయి. మీ అమ్మది గుచ్చుకోదు.” మేజోడు పైకి లాక్కుని మళ్ళీ అంది, “భద్రంగా దాచిందంతా పురుగులు తినేశాయి. కాళ్ళకి వేసుకున్నదే మిగిలింది.”

రెండూ ఊడలాగాను. పులిసిన వాసన రుమాలు దాటి వచ్చింది. అడుగున చెమటకి అట్ట కట్టాయి. కత్తెర ఎక్కడుందో వెతికే ఓపిక లేదు. రుమాలు కిందికి లాగి, పై అంచు దగ్గరున్న ముడిని పళ్ళతో కొరికాను. ఉప్పగా తగిలింది. ఉమ్మేసి దారం లాగాను. అల్లిక జరజరా విడిపోయి నా ఒళ్ళోంచి పురుగుల పొడిలోకి జారింది.

“కింద పోస్తే చిక్కు పడుతుందే” అంది పెద్దమ్మ. అని, మూరెడు ఎడంగా రెండు చేతులూ నా ముందుకి చాపింది.

చిన్నప్పుడు అమ్మ నా చేతులు కూడా ఇలాగే చాపించి ఊలు చిలప తగిలించి ఉండ చుట్టేది. తిమ్మిరెక్కి దించబోతే కసిరేది.

నాకేమీ జాలి కలగలేదు. ఆ వంకర వేళ్ళు, ఆ పగిలిన కాళ్ళు చూస్తే రోతే. కానీ చిక్కుపడిన ఊలు ఎందుకూ పనికిరాదు. ముందుకి జరిగి ఆవిడ చేతుల చుట్టూ చుట్టసాగాను. మడమ దగ్గర అట్టకట్టిన చోట దారం తెగింది.

తెగిన చోటుకేసి పెద్దమ్మ కాసేపు చూసింది. “ఒక చెయ్యికి సరిపోతుందా?” అని అడిగింది.

సరిపోదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ చేతులు కిందికి జారుతున్నాయి.

“చేతులు దించకు” అన్నాను.