కింది అర

డాక్టరు సరేనన్న మర్నాడే అతను తన బట్టల కొట్టు మెట్లెక్కాడు. నడుముకు ఆపరేషన్ అయినప్పటి నుంచి కొట్టు బావమరిది చూసుకుంటున్నాడు. మళ్లీ తన చేత్తో సరుకు తీసి అమ్మగలిగితే, అతని లెక్కలో మనిషి మళ్లీ మనిషైనట్టే.

వ్యాపారి కన్ను ముందు అరల మీదే పడుతుంది. రోజూ అమ్ముడుపోయే లైనింగు తానులు నడుమెత్తులో ఉండాలి, చేయి చాస్తే అందాలి. అవన్నీ నేలకానిన అరలోకి దిగిపోయాయి. ఏడాదికోసారి అడిగే పరదా గుడ్డేమో వాటి చోట కులుకుతోంది.

"ఇదేం సర్దుడురా?"

"జాగా చాల్లేదు బావా. నువ్వు వంగకు, నేనున్నాగా."

అంతలో ఎప్పటి నుంచో ఇక్కడే కొనే దర్జీ వచ్చాడు. "అరె, లేచి తిరుగుతున్నారే! ఇంక రారనీ, కొట్టు ఈయనకే అప్పజెప్పేశారనీ విన్నానే!" అని, బావమరిది మొహం చూసి నాలుక్కరుచుకున్నాడు. "నల్ల లైనింగు ఇప్పించండి, పనుంది."

బావమరిది కదలబోతే అతను చేయి అడ్డం పెట్టాడు. వీపు నిటారుగా ఉంచి, మోకాళ్లు మడిచి మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. నల్ల తానును గుండెకు హత్తుకుని లేచాడు. వ్యాయామం చేయించే అమ్మాయి కొత్తగా నేర్పిన పద్ధతి అది. ఒక్కసారిగా చూసి మురిసిపోతారని ఇంట్లో ముందుగా చెప్పలేదు.

బావమరిది మొహంలో మురిపెం లేదు. బేరం బెడిసినవాడి మొహం అది.

దర్జీ వెళ్లాక అతను అడిగాడు: "నేను కిందికి వంగలేనని నీకంత ఖాయంగా ఎవరు చెప్పార్రా?"

"అక్కే బావా. సరుకు అందకపోతే నువ్వే విసిగి ఇంట్లో కూర్చుంటావంది. అప్పుడు కొట్టు నా పేర రాయించుకోవచ్చని..."

పొద్దున్నే అతన్ని నడుము పట్టి లేపేది భార్యే. ఎంతవరకు వంగగలుగుతున్నావని అడిగేది. అతను చంటిపిల్లాడిలా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఎదుటి కొట్టువాడికి ఏనాడూ కొన్న ధర చెప్పని మనిషి, ఇంట్లో తన లోటంతా విప్పి పరిచాడు.

"తానులు ఎక్కడివక్కడ పెట్టు," అన్నాడు.

బావమరిది తలెత్తకుండా సర్దాడు. మధ్యాహ్నం కాగానే, "భోజనానికి పద బావా, అక్క చూస్తుంటుంది," అన్నాడు.

"నువ్వెళ్లి తినిరా."

"మరి నువ్వెప్పుడొస్తావని అడిగితే?"

"తెలీదని చెప్పు. నిజంగానే తెలీదు."