కంసాలి ఇంటి కళ్లజోడు

నేను ఒక వెండి కళ్లజోడును. ఒళ్లు మండి మాట్లాడుతున్నాను కాబట్టి మాట కాస్త కరుకుగా ఉంటే ఏమీ అనుకోకండి.

నన్ను ఏ కంపెనీ తయారు చేయలేదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో కంసాలి నాగలింగాచారి తన ముక్కుకు తానే కొలత తీసుకుని, వెండితీగ వంచి, అతుకు పెట్టి, మెరుగు దిద్ది చేసుకున్నాడు. బయట దొరికే ఫ్రేములు ఆయన అద్దాల బరువుకు ఆగేవి కావు మరి. వీధి పిల్లలు సోడాబుడ్డి అనేవారు. అననీ. కానీ నన్ను పెట్టుకున్నందుకే పవరు పెరిగిపోతోందని ఆయన భార్య తిట్టిపోసేది చూడండి, ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ తిట్లు పడలేక ఆయన నన్ను పక్కన పెట్టేసి కుంపటి ముందు తడుముకున్న రోజులూ ఉన్నాయి.

చివరికి ఆయన చూపు రెండు కళ్లకూ పోయింది. కుంపటి పొగ వల్లేనని ఇంట్లో తేల్చేశారు. బయట మాత్రం మోకాళ్ల నొప్పులతో పని మానేశాడని చెప్పారు. చూపు లేని కంసాలి ఇంటికి బంగారం ఎవరిస్తారు?

అద్దాలు మారినా ఫ్రేము మారకపోవడం ఆ ఇంటి ఆనవాయితీ. అలా నేను కూతురు ఈశ్వరమ్మ ముక్కు మీదికి వచ్చాను. ఆమె బాలింతగా ఉండగా ఎడమ కంటి ముందు మెరుపులు మెరిశాయి, నల్లటి పోగులు తేలాయి, పక్కనుంచి చీకటి కమ్ముకొచ్చింది. ఆ కన్ను పోయింది. బాలింత పుస్తకం పట్టుకుంటే ఇంతేనన్నారు ఆడవాళ్లు. అది కూడా గుట్టుగానే ఉంచారు. మిగిలిన ఒక్క కంటితోనే ఈశ్వరమ్మ తండ్రి పీట మీద కూర్చుని నగలకు రాళ్లు పొదుగుతూ వచ్చింది.

తర్వాత ఆమె కూతురు మోక్షితకు చిన్నప్పుడే చూపు మందగించింది. తల్లి ప్లాస్టిక్ ఫ్రేము కొనుక్కుని నన్ను బిడ్డకిచ్చింది. ఈసారి నేరం సెల్‌ఫోన్ మీద పడింది. తరానికో దోషిని పట్టుకొచ్చారు కానీ, ఒకే ఇంట్లో ఒకే జబ్బు వరసగా ఎందుకొస్తోందని ఒక్కరైనా అడిగారా? వాళ్లందరి ముక్కుల మీదా కూర్చున్నదాన్ని, నాకు నోరుంటే అప్పుడే అరిచి చెప్పేదాన్ని.

మోక్షిత ఇంటర్ చదువుతుండగా ఒక పొద్దున కుడి కంటి ముందు మెరుపులు వస్తున్నాయంది. ఈశ్వరమ్మ చేతిలోని నగ అక్కడే వదిలేసి, కూతుర్ని ఊళ్లోని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. గది నిండా జనం. డాక్టరు నా అద్దాల మందం చూసి అడిగాడు.

"ఇంట్లో ఇంకెవరికైనా చూపు పోయిందా అమ్మా?"

"ల్యా సార్. మా ఇంట్లో ఎవురికీ ఏం ల్యా."

పచ్చి అబద్ధం. ఆమె ఎందుకలా అందో తెలుసు. ఆ డాక్టరు భార్య గాజులు రాళ్లు పొదగడానికి వీళ్ల అంగట్లోనే ఉన్నాయి. ఆయనేం తక్కువ తిన్నాడా? మెరుపులని పిల్ల చెబుతూనే ఉంది. "అయితే కంగారేం లేదు. వచ్చే వారం రండి, చుక్కలేసి నిదానంగా చూస్తా" అన్నాడు.

వాకిలి దాకా వెళ్లారు. అక్కడ మోక్షిత ఆగి, "అమ్మా, ఇప్పుడు నల్లగా పోగులు కూడా తేల్తాండాయి" అంది.

ఈశ్వరమ్మ గిరుక్కున తిరిగింది. డాక్టరు ముందుకెళ్లి తన కుడి కన్ను అరచేత్తో మూసుకుంది.

"ఇప్పుడు మీరు నాకు కనపడరు సార్. పాప పుట్టినప్పుడు ఇదే మాదిరి మెరుపులొచ్చి ఈ కన్ను పోయింది. మా నాయనకు రెండూ పోయినాయి. మీ ఇంటామె గాజులు వాపసు తీసుకపోండి. నా బిడ్డ కండ్లు మాత్రం ఈ పొద్దే చూడండి."

గది గదంతా వింది. కన్నకూతురికి కూడా తల్లి కన్ను సంగతి అప్పుడే తెలిసింది.

డాక్టరు ముఖం మాడింది. వెంటనే చుక్కలు వేసి చూశాడు. కుడి కంటి లోపలి తెరకు చిరుగు పడింది. "ఫోను చూసీ చూసీ ఇట్లయిందా సార్?" అని అడిగింది ఈశ్వరమ్మ.

"ఇది ఒక్క ఫోన్ వల్ల వచ్చింది కాదమ్మా" అన్నాడు మెల్లగా. "మీ రక్తంలోనే ఉంది. తల్లిదండ్రుల నుంచి వచ్చే కొన్ని జన్యువుల వల్ల కంటిగుడ్డు సాగుతూ పోతుంది. సాగేకొద్దీ లోపలి తెర పలచబడి చిరుగుతుంది. అందరికీ చూపు పోవాలని లేదు, కానీ మీలాంటి ఇళ్లలో ముప్పు ఎక్కువ. వారం ఆగి ఉంటే ఈ తెర ఊడిపోయేదేమో."

అదే రోజు లేజరుతో చిరుగు చుట్టూ అతికించారు. మోక్షిత చూపు దక్కింది. ఆమెకు తేలికపాటి కొత్త ఫ్రేము వచ్చింది. నేను అంగట్లో, కరిగించడానికి ఉంచిన పాత వెండి డబ్బాలోకి చేరాను. దానికి నాకేం బాధ లేదు.

నా బాధంతా మూత లేని ఆ డబ్బాలోంచి చూసినదాని గురించే. ఆసుపత్రిలో విన్నవాళ్లు ఊరుకుంటారా? ముందు డాక్టరు గారింటి గాజులు వాపసు వెళ్లాయి. తర్వాత ఒక్కొక్కరే వచ్చి తమ నగలు అడిగారు. తీసుకునే ముందు ఒక్కో రాయినీ గోటితో కదిపి చూశారు. ఇన్నేళ్లూ ఒంటికంటితో ఈశ్వరమ్మ పొదిగిన రాళ్లలో ఒక్కటీ కదల్లేదు. అయినా తీసుకెళ్లిపోయారు.