కుందన పుట్టుమచ్చ

నాకు కుళ్ళు. దాచుకునే రకాన్ని కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నన్నింత కుళ్ళబెట్టిన మనిషి పేరు కుందన. అది అసలు పేరు కూడా కాదు, ఏడున్నర సీరియల్లో ఆవిడ వేసే పాత్ర పేరు. అసలు పేరేమిటో మా బావకి తెలుసు, ఏ ఊళ్ళో పుట్టిందో తెలుసు, చెప్పుల సైజు కూడా తెలిసే ఉంటుంది. నాకు అక్కర్లేదు.

మా బావంటే నా మొగుడు చందు. మేనత్త కొడుకే. నూజివీడులో ఫ్లెక్సీలు వేసే షాపులో డిజైనరు. పగలంతా పెళ్ళిళ్ళ ఫ్లెక్సీలు, లీడర్ల ఫ్లెక్సీలు, వర్ధంతి ఫ్లెక్సీలు చేసి, చాట్రాయిలో ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, షాపువాళ్ళు వద్దని ఇచ్చేసిన పాత కంప్యూటర్ ముందు మళ్ళీ కూర్చుంటాడు. ఈసారి ఆవిడ కోసం.

ఫోన్లో పేరు పక్కన గుండ్రంగా చిన్న బొమ్మ ఉంటుంది కదా, డీపీ అంటారు, అవి చేస్తాడు. ఫోటోషాప్‌లో కుందన ముఖం కత్తిరించి, చుట్టూ మల్లెపూలో నెమలి ఈకలో అల్లి, పైన మెరుపులు చల్లి, కింద అడిగినవాళ్ళ పేరు రాసి పంపిస్తాడు. కుందన అభిమానుల గ్రూపులో మా బావకున్న మర్యాద ఊళ్ళో సర్పంచికి లేదు. "చందన్నా, నాకొకటి చెయ్యవా", "అన్నా, మా చెల్లి పేరుతో". చింతలపూడి నుంచి ఒకామె తన కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు మీద కూడా కుందనను పెట్టించుకుంది. కూతురి ఫోటో లోపలి పేజీలో ఉంది.

చేస్తే చేశాడు, చేసే తీరే నాకు కడుపుమంట. ఆవిడ ముంగురులు ఒక్కొక్క వెంట్రుకా విడిగా కత్తిరిస్తాడు. పేలు చూసే తల్లికి కూడా అంత ఓపిక ఉండదు. ఇక ఆ పుట్టుమచ్చ సంగతి చెప్పాలి. కుందనకి పై పెదవి పక్కన చిన్న మచ్చ ఉంది. ఛానెల్ వాళ్ళు పోస్టర్లలో దాన్ని చెరిపేసి ముఖం నున్నగా చేస్తారట. మా బావకి అది మహాపరాధం. స్క్రీన్ మీద ఆవిడ ముఖాన్ని చాటంత చేసుకుని, బ్రష్ తీసుకుని, మచ్చను మళ్ళీ పెడతాడు. వేరే ఫోటో పక్కన పెట్టుకోడు, కొలత చూసుకోడు. ఒక్క చుక్క, సరిగ్గా దాని చోట్లో.

"మచ్చ లేకపోతే కుందన ఎలా అవుద్ది భవానీ" అంటాడు, నా వైపు తిరగకుండానే. అని వెనక్కి వాలి, స్క్రీన్ వంక చూసి ఒక నవ్వు నవ్వుతాడు. పెళ్ళయ్యాక ఆ నవ్వు నావైపు రాలేదు.

మచ్చ మాటొస్తే నాకూ ఉంది. పోయిన వేసవి మామిడితోటలో చిన్నరసాల కోతకి వెళ్ళినప్పుడు కాయ తొడిమ విరిచాను, సొన చిమ్మి చెంప మీద పడింది. బొబ్బెక్కి, పొర ఊడి, చివరికి చింతగింజంత నల్లమచ్చ మిగిలింది. తోట పనికి పోయేవాళ్ళలో సొన మచ్చ లేనిదెవరికి? మా అత్త రమణమ్మకి రెండు చేతుల నిండా ఉన్నాయి. నాకు ముఖం మీద పడింది, అంతే తేడా.

అయినా ఎన్నాళ్ళో ఊరుకున్నాను. ఊరుకోలేని పని శుక్రవారం జరిగింది. ప్యాకింగ్ షెడ్డులో బంగినపల్లి కాయలు పెట్టెల్లో సర్దుతున్నాం. నా ఫోన్ పెట్టె మీద ఉంది, మోగింది. బావ వాట్సాప్‌లో చేశాడు. బావ డీపీ ఎవరో చెప్పాలా? నా మొగుడు నాకు ఫోన్ చేస్తే నా ఫోన్లో వెలిగేది ఆవిడ ముఖం.

పక్కన కాయలు తుడుస్తున్న లేయా తొంగి చూసి, "భవానీ, నీ సవతి ఫోన్ చేస్తందే" అంది.

షెడ్డంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఫోన్ మాత్రం ఎత్తలేదు. ఆ డీపీలో నా ముఖం ఉండాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. ఆవిడ ముఖానికి చేసినంత శ్రద్ధగా నాదీ చేసి పెట్టాలి. లేకపోతే ఈ మనిషికి నేను వండిపెట్టే మనిషినే తప్ప ఇంకేమీ కాను.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అడిగేశాను.

"బావా, నీ డీపీ మార్చు. నాది పెట్టు."

గొడవవుతుందనుకున్నాను. "దానికేం, చేస్తాను. ఇన్నాళ్ళూ నువ్వే అడగలేదు" అని వెంటనే కంప్యూటర్ పెట్టాడు. ఉగాదికి తీయించుకున్న ఫోటో ఫోన్లో పంపించాను. గిన్నెలు తోముకుని వచ్చేసరికి పని చివరికొచ్చింది. చుట్టూ కనకాంబరాలు, మధ్యలో నేను. జడలో పూలు కూడా ఒక్కటి పోకుండా కత్తిరించాడు. బాగా చేశాడు, కాదనను. గడప దగ్గర కూర్చుని ఊరగాయ ముక్కలు తుడుస్తున్న అత్త కూడా లేచి వచ్చి చూసింది.

"పెళ్ళికూతురిలా ఉందిరా" అంది.

"పెళ్ళికూతురే అత్తా. నేను కాదు" అన్నాను.

నేను పంపిన ఫోటో కాదది. మా పెళ్ళి ఆల్బంలోది. చెంపలు తళతళలాడుతున్నాయి. కుందన సరిపోనట్టు, ఇప్పుడా పెళ్ళికూతురిని చూసినా నాకు ఒళ్ళు మండింది.

"నేనిచ్చింది ఏమైంది?"

"అందులో మచ్చ కనపడతందిగా. ఇదైతే నీట్‌గా ఉంది" అన్నాడు. పాపం, నన్ను సంతోషపెడుతున్నాననే అనుకున్నాడు.

"మచ్చ పెట్టు."

"ఏంటి?"

"నా మచ్చ, నా చెంప మీద పెట్టు. ఆవిడకి పెడతావుగా."

"సర్లే, ఆ ఉగాది ఫోటోనే వేస్తాను."

"వద్దు. గియ్యి. ఆవిడది చూడకుండా గీస్తావు. నాదీ అలాగే గియ్యి. ఇటు తిరగకు."

బావ బ్రష్ తీసుకున్నాడు. నా ముఖాన్ని స్క్రీన్ నిండా పెంచాడు. మౌస్ గుర్తు ఒక చెంప మీదకి వెళ్ళింది, కంటి కింద ఆగింది. అక్కడినుంచి దవడ దాకా దిగింది. కాసేపు కదల్లేదు. తర్వాత ముక్కు దాటి అవతలి చెంపకి పోయింది.

ఏ చెంపో తెలియదు అతనికి. సంవత్సరం నుంచి ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు, పక్కన పడుకుంటున్నాడు. మద్రాసులోనో హైదరాబాదులోనో ఉన్న ఆవిడ పెదవి పక్కన ఆవగింజంత చుక్క కళ్ళు మూసుకుని పెడతాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అత్త ముక్కల పళ్ళెం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

బావ మౌస్ వదిలేశాడు.

"నేను చూస్తే నువ్వు బాధపడతావేమోనని చూడటం మానేశాను భవానీ. నిజంగా."

నిజమే అయ్యుండొచ్చు. అబద్ధాలాడే మనిషి కాదు. కానీ ఆవిడ మచ్చ చూసి మురిసిపోయి, నా మచ్చ మీద జాలిపడితే నాకేం ఒరిగింది? ఆ మాటే అన్నాను. "జాలి అత్తకి చూపించు. నాకు మురిపెం కావాలి."

బావ కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. గడ్డం పట్టుకుని నా ముఖం వెలుతురు వైపు తిప్పాడు. మచ్చ కింది అంచు ఎలా సన్నగా సాగిందో, మధ్యలో ఎక్కడ నలుపు పలచబడిందో, వేలితో తాకి చూశాడు. అంతసేపు ఎవరైనా చూస్తుంటే కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదని నాకప్పుడే తెలిసింది. ఏడుపు ఎప్పుడాగిందో గమనించుకోలేదు.

తర్వాత స్క్రీన్ వైపు తిరిగి గీయడం మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో ఒక్కసారి ఇటు చూసి, మళ్ళీ అటు. ఒక గీత చెరిపాడు, మళ్ళీ వేశాడు. పెళ్ళికూతురి చెంప మీద కొద్దికొద్దిగా నా మచ్చ వచ్చింది. అచ్చం నాదే. ఇప్పుడా బొమ్మలో ఉన్నది నేనే.

చివరి గీత వేసి బావ వెనక్కి వాలాడు. నవ్వాడు. ఆ నవ్వే. ఇన్నాళ్ళూ కుందనకి తప్ప ఇంకెవరికీ దక్కనిది. స్క్రీన్ మీద ఉన్న నన్ను చూసి అలా నవ్వుతూనే ఉన్నాడు. పక్కన మూరెడు దూరంలో నేను కూర్చునే ఉన్నాను.

చెయ్యి చాపి గోడ మీద స్విచ్ తీసేశాను. స్క్రీన్ నల్లబడింది.

"అదేంటే, ఇంకా సేవ్ చెయ్యలేదు."

"తెలుసు" అన్నాను. "మళ్ళీ చూసి గియ్యి."